అకాల పఠనం

ఇరవై మూడేళ్ళ సర్వీసులో సత్యవేణి పంతులమ్మ చేయని తప్పు ఒక్కటే మిగిలింది. పై నుంచి వచ్చిన సర్క్యులరును మొదటి నుంచి చివరి దాకా చదవడం. ఈ ఏడాది ఆ ముచ్చటా తీరిపోయింది.

మామూలుగా అయితే సర్క్యులరు వాట్సాప్‌లో వస్తుంది. దాని కింద బొటనవేలి బొమ్మ పెట్టాలి. పెట్టకపోతే సాయంత్రానికి బొటనవేలు పెట్టనివాళ్ళ జాబితా వస్తుంది. దాని కిందా బొటనవేలు పెట్టాలి. అంతటితో సర్క్యులరు అమలైపోయినట్టే. ఈ పద్ధతి వల్ల ఎన్నో పథకాలు ఎవరికీ ఏ హానీ చేయకుండా, పాపం, ప్రశాంతంగా కన్నుమూశాయి.

జూన్ నెలలో దిగిన ధ్వని మిషన్ మాత్రం అంత తేలిగ్గా పోయే రకం కాదు. పిల్లలకి చదవడం రావట్లేదని ఎవరో సర్వే చేశారు. ఎందుకు రావట్లేదయ్యా అంటే, మనం అక్షరాలకి పేర్లు నేర్పుతున్నామట, ధ్వనులు నేర్పడం లేదట. కాబట్టి ఇకమీదట ఇరవై ఆరు వారాల పాటు ధ్వనులే. ప్రతి ధ్వనికీ ఒక అభినయం. ఇరవై ఆరు వారాలు నిండాక ఆ ధ్వనులన్నీ కలిపితే పదం. ఈలోగా ఏ పిల్లాడైనా తొందరపడి పదాన్ని చూసి చదివేశాడో, అది చదవడం కిందకి రాదు. ఊహించడం కిందకి వస్తుంది. ఆ నేరానికి పేరు అకాల పఠనం.

మన దగ్గర ఏ కాగితమూ వచ్చింది వచ్చినట్టు కిందికి దిగదు. దారిలో ఉన్న ప్రతి అధికారీ తన వంతుగా ఒక ముక్క చేర్చకపోతే, ఈయన కూర్చుని ఏం చేస్తున్నట్టని పైవాళ్ళకి అనుమానం వస్తుంది. జిల్లావారు "అన్ని సబ్జెక్టులలోనూ" అని చేర్చారు. డివిజన్ వారు "బడి వేళలన్నిటా" అన్నారు. మండల విద్యాధికారి కామరాజు గారి దగ్గరికి వచ్చేసరికి చేర్చడానికి ఇంకేమీ మిగల్లేదు. పాపం ఒక పూటంతా ఆలోచించి, "సిబ్బంది సహా" అని చేర్చి ఊపిరి పీల్చుకున్నారు.

అలా అన్ని సబ్జెక్టులలోనూ, బడి వేళలన్నిటా, సిబ్బంది సహా, ధ్వని మిషన్ కొత్తరేవులంక ప్రాథమిక పాఠశాలకు చేరింది. ఆ బడిలో పిల్లలు ముప్పై ఒక్కరు, వంటావిడ ఒకర్తె, పంతులమ్మ ఒకర్తె.

ముందుగా ఆన్‌లైన్‌లో శిక్షణ ఇచ్చారు. ఇచ్చినాయన పేరు విశ్రుత్. రాష్ట్ర ధ్వని సలహాదారు. కుర్రవాడే గానీ మాట మాత్రం మేఘాల మీద నుంచి వచ్చేది.

"అక్షరం పేరును ఎట్టి పరిస్థితుల్లోనూ ఉచ్చరించరాదు. కేవలం ధ్వనిని మాత్రమే ఉచ్చరించాలి" అన్నాడాయన.

సత్యవేణి ఉండబట్టలేక మైకు తెరిచింది. "సార్, 'అ' అక్షరం పేరు 'అ'నే కదండీ. ధ్వనీ 'అ'నే. ఇప్పుడు 'అ' అంటే నేను పేరు పలికినట్టా, ధ్వని పలికినట్టా?"

విశ్రుత్ కాసేపు తెర మీద కదలకుండా నిలబడిపోయాడు. నెట్‌వర్క్ పోయిందేమో అనుకున్నారంతా. తర్వాత చిరునవ్వు నవ్వి, "చాలా లోతైన ప్రశ్న మేడమ్. దీని మీద ఆగస్టులో ప్రత్యేక వెబినార్ ఉంటుంది" అన్నాడు.

మర్నాటి నుంచి అమలు. 'స్' అంటే చెయ్యి పాములా మెలికలు తిప్పాలి. 'మ్' అంటే పొట్ట నిమురుకోవాలి. 'ర్' అంటే కుక్క గుడ్డ లాగినట్టు తల విదిలించాలి. ముప్పై ధ్వనుల దాకా బాగానే సాగింది గానీ, ఆ తర్వాత నిపుణుల సంఘానికి ఆలోచనలు నిండుకున్నాయి. 'డ్' కి ఒంటికాలి మీద నిలబడి చెవి పట్టుకోమన్నారు. దారిన పోయేవాళ్ళు కిటికీలోంచి తొంగిచూసి, "అయ్యో, పసివెధవలు ఏం తప్పు చేశారండీ?" అని అడిగి మరీ వెళ్ళేవారు.

హాజరు పిలవడం పదకొండింటికి గానీ తెమిలేది కాదు. వీరవెంకటసత్యప్రసాద్ అనే రెండో తరగతి వాడి పేరు పూర్తయ్యేసరికి పంతులమ్మకి భుజం పట్టేసింది. మూడో రోజున వాడే జాలిపడి, "టీచరుగారండీ, నేను రాలేదని ఏసేసుకోండి, పర్లేదు" అన్నాడు.

సిబ్బంది సహా అన్నారు కాబట్టి వంటావిడకీ తప్పలేదు. చేతిలో గరిటెతో "సాంబారు" అనబోయి 'స్' దగ్గరే చెయ్యి పాములా మెలికలు తిప్పేసరికి, సాంబారు సగం గోడ మీదకీ సగం ఒకటో తరగతి మీదకీ పోయింది. ఆ రోజు ఫోటో తీసి మిషన్ వారి యాప్‌లో పెడితే అయిదు నక్షత్రాలు వచ్చాయి. అభినయం స్పష్టంగా ఉందట.

ఇక చివరి నిబంధన. పిల్లల కంటికి ఎక్కడా నిండు పదం కనబడకూడదు. చార్టులు, బోర్డులు, గోడరాతలు అన్నీ కప్పేయాలి. బడి పేరున్న బోర్డు కప్పేశాక గుడ్ల వ్యాన్ వాడు ఊరంతా మూడు చుట్లు తిరిగి, గుడ్లు పంచాయతీ ఆఫీసులో దింపి పోయాడు. అయినా నిబంధన నిబంధనే. కప్పడానికి కాగితం ఎక్కడిది? సత్యవేణి వెళ్ళి వంతెన దగ్గర బజ్జీల బండి నడిపే ఎస్తేరమ్మని అడిగి, పొట్లాలకి ఉంచుకున్న పాత పేపర్లు ఒక కట్ట తెచ్చింది. పేపరు నిండా పదాలే కదా అని మీరు అడగవచ్చు. నిషేధ జాబితాలో చార్టులు, బోర్డులు, గోడరాతలు ఉన్నాయి. వార్తాపత్రికలు లేవు. పంతులమ్మ ఏం చేస్తుంది?

అక్కడే కొంప మునిగింది. పేపరు అంటించిన అరగంటకి, ఒకటో తరగతిలో మొదటి వరసలో కూర్చునే కెజియా లేచి నిలబడింది. ఎస్తేరమ్మ మనవరాలే. ఆరేళ్ళ పిల్ల, రెండు పిలకలు, ముందు పళ్ళు రెండూ లేవు.

"టీచరుగారండీ, అరటి గెల ధర పడిపోయిందంటండీ. రైతులు లబోదిబో అంటన్నారంటండీ."

"నీకెవరు చెప్పారే?"

"అదిగోనండి, అందులో ఉంది." కెజియా గోడకేసి వేలు చూపించి, ఆ వార్త మొత్తం గడగడా చదివేసింది. 'లబోదిబో' దగ్గర కాస్త నవ్వింది కూడా.

సత్యవేణికి ఒళ్ళు ఝల్లుమంది. ఇరవై మూడేళ్ళలో ఒకటో తరగతి పిల్ల జూలై నెలలో పేపరు చదవడం ఆవిడ ఎన్నడూ చూడలేదు. దగ్గరికి తీసుకుని బుగ్గలు పుణికింది. ఎలా వచ్చిందని అడిగితే, మామ్మ బజ్జీలు వేస్తుంటే పొట్లాలు చుడుతూ, వచ్చినవాళ్ళని "ఇదేటండీ, అదేటండీ" అని అడిగి నేర్చుకుందట. ఆనందంతో కళ్ళు చెమర్చాయి పంతులమ్మకి. ఆ వెంటనే నిబంధన గుర్తొచ్చింది. అకాల పఠనం! యాప్‌లో ఈ పిల్ల పేరు ఎక్కితే నలభై రోజులు మండల కేంద్రంలో పఠన విముక్తి శిబిరానికి తీసుకుపోతారు. అక్కడ చదవడం పూర్తిగా మరిచిపోయిందని సర్టిఫికెట్ ఇస్తేనే మళ్ళీ బడిలో చేర్చుకోవాలి.

"కెజియా, తల్లీ, నువ్వు చదువుతావని ఎవరికీ చెప్పకు."

"ఎందుకండీ?"

సత్యవేణి ఆ పిల్ల పిలక సరిచేసింది. బడి చదవడానికే కదా అని ఆ పిల్ల ఎదురు అడగనందుకు లోలోపల దేవుడికి దణ్ణం పెట్టుకుంది.

తొమ్మిదో వారంలో తనిఖీ అన్నారు. విశ్రుత్ గారు స్వయంగా వస్తున్నారట, కామరాజు గారు వెంట. వారం రోజుల పాటు సత్యవేణి మిగతా పిల్లలకి ధ్వనులు నేర్పింది, కెజియాకి చదవకపోవడం నేర్పింది.

"అక్షరం మీద వేలు పెట్టు. ఆగు. బాధపడు. ఇంకా బాధపడు. ముఖం ముడుచుకో. ఇప్పుడు తెలీదండీ అను."

"చూడగానే తెలిసిపోతోందండీ."

"చూడకు మరి."

"కళ్ళు మూసుకున్నా లోపల కనపడిపోతోందండీ!" అని ఏడుపు ముఖం పెట్టింది కెజియా. పంతులమ్మకీ ఏడుపొచ్చింది.

తనిఖీ రోజున అన్నీ సవ్యంగానే మొదలయ్యాయి. విశ్రుత్ గారు అట్ట మీద "అరటి" అని రాసి కెజియా ముందు పెట్టారు. కెజియా వేలు పెట్టింది. ఆగింది. బాధపడింది. "అ... ర్..." అని కుక్కలా తల విదిలించింది. "అ... ట్... ఇ..."

"కలిపితే?"

"తెలీదండీ."

విశ్రుత్ గారు కామరాజు గారి వైపు తిరిగారు. "చూశారా? ఎంత శాస్త్రీయంగా తెలియడం లేదో! ఊహ అనేదే లేదు. మిషన్ ఆశించిన ఫలితం ఇదే."

"తమ మార్గదర్శకత్వము" అన్నారు కామరాజు గారు చేతులు కట్టుకుని.

అక్కడితో పోతే బాగుండేది. కానీ ఉపన్యాసం లేకుండా ఏ తనిఖీ ముగిసింది గనక? కామరాజు గారు ముందే రాయించి ఉంచిన కాగితం విశ్రుత్ గారి చేతికిచ్చారు. ఆయన చదవడం మొదలుపెట్టారు. కెజియా ఆయన పక్కనే, కాగితం అంచున నిలబడి ఉంది. నాలుగో వాక్యం నుంచి ఆయన ఆరో వాక్యానికి దూకారు.

"సారండీ, మజ్జిలో ఒక లైను ఒగ్గేశారండీ" అంది కెజియా.

"ఏ లైను?"

"'ఈ విజయం వెనుక మండల విద్యాధికారి గారి అహోరాత్ర కృషి మరువలేనిది' అని ఉందండీ."

కామరాజు గారి ముఖంలో రెండు భావాలు ఒకదాన్నొకటి తోసుకున్నాయి. ఆ లైను ఎప్పుడొస్తుందా అని ఆయన ఇందాకటి నుంచి కాచుకు కూర్చున్నారు మరి. చివరికి ఉద్యోగధర్మమే గెలిచింది. ఫోను తీసి, యాప్ తెరిచి, కెజియా పేరు మీద ఎర్రగుర్తు నొక్కారు.

సాయంత్రానికి ఎస్తేరమ్మ బండి కట్టేసి బడికొచ్చింది. కొంగు నడుముకి చుట్టింది. ఆ చుట్టు చూడగానే సత్యవేణి కుర్చీలోంచి లేచి నిలబడింది.

"ఏటండీ పంతులమ్మగోరూ, పిల్లకి సదువొచ్చిందని పట్టుకెళ్ళిపోతారంటండీ? దొంగతనం సేసిందాండీ? కోడిని పట్టుకెళ్ళిందాండీ?"

"నా చేతుల్లో ఏం లేదు ఎస్తేరమ్మా. రూలు."

"రూలేటండీ రూలు! నాకు నాలుగచ్చరాలు రావండి. పొద్దున్నే బైబులు సదివి ఇనిపిత్తాదండి ఈ గుంట. ఆ సదువు తీసేత్తే నేనేటైపోవాలండి? ముసలిదాన్నండి, మళ్ళీ ఎప్పటికి వొత్తాదండి దీనికి?" అని మొదట అరిచింది, తర్వాత మెట్టు మీద కూలబడి ఏడ్చింది.

ఆ ఏడుపు సత్యవేణిని కుదురుగా కూర్చోనివ్వలేదు. ఆ ఆదివారం ఆవిడ ఒక సాహసం చేసింది. సర్క్యులరు తెరిచింది. నలభై ఆరు పేజీలు. రాష్ట్రం మొత్తం మీద దాన్ని తెరిచి చదివిన మొదటి మనిషి ఆవిడే అయి ఉండాలి. ముప్పై ఒకటో పేజీలో ఉంది, నల్లగా, స్పష్టంగా: ఈ పద్ధతి ఇంగ్లీషు పీరియడ్‌లో ఇరవై నిమిషాలకు మాత్రమే. తెలుగుకు వర్తించదు. ఇప్పటికే చదవగలిగిన పిల్లలుంటే వారికి మరిన్ని పుస్తకాలు ఇవ్వాలి.

సోమవారం పొద్దున్నే మండల ఆఫీసులో కామరాజు గారి బల్ల మీద ఆ పేజీ పెట్టింది.

ఆయన వెంటనే కిటికీ వైపు తిరిగిపోయారు. "తీసేయండమ్మా. నేను చూడను."

"ఒక్కసారి చూడండి సార్. పిల్ల బతుకు."

"చూస్తే తెలుస్తుంది. తెలిస్తే చర్య తీసుకోవాలి. ఎవరి మీద తీసుకోవాలి? 'సిబ్బంది సహా' అన్నవాడి మీద తీసుకోవాలి. సర్క్యులరు అనునది అమలుపరచుటకు గాని చదువుటకు కాదు. ఈ చిన్న విషయం ఇన్నేళ్ళ సర్వీసులో మీకు ఎవరూ చెప్పలేదా?" అన్నారు. తర్వాత ఏదో తట్టినట్టు మెల్లగా ఇటు తిరిగారు. "అవునూ, దీన్ని మీరు ఎన్నో వారంలో చదివారు?"

"తొమ్మిదో వారం సార్."

"ఇరవై ఆరు వారాలు నిండకముందే. ధ్వనులు విడదీయకుండా. నిండు పదాలుగా."

"నేను టీచర్ని సార్!"

"సిబ్బంది సహా" అన్నారు కామరాజు గారు, ఎంతో బాధ్యతగా. ఆ మాట తాను ఎందుకు చేర్చారో ఆయనకి ఇప్పటికి అర్థమైంది. మనిషి ముఖం వెలిగిపోయింది.

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టు, పిల్లని విడిపించడానికి వెళ్ళిన పంతులమ్మ పేరు కూడా ఎర్రగుర్తు కిందకి వచ్చింది. మర్నాడు బడి తాళం వంటావిడ చేతికిచ్చి, కెజియా చెయ్యి పట్టుకుని సత్యవేణి శిబిరానికి వెళ్ళింది. మండల కేంద్రంలో మహిళా సంఘం భవనం. రోజూ తొమ్మిది నుంచి అయిదు దాకా. పంతొమ్మిది ఊళ్ళ నుంచి నలభై మూడు మంది దోషులు. అందరూ పిల్లలే, అందరికీ చదవడం వచ్చు. పెద్ద దోషి ఈవిడొక్కర్తే.

శిబిరం కాంట్రాక్టు తీసుకున్న ఏజెన్సీ నుంచి నడపాల్సిన మనిషి రాలేదు. వస్తాడనే నమ్మకమూ ఎవరికీ లేదు. అక్కడున్న వాళ్ళలో టీచరు ట్రైనింగ్ అయినది సత్యవేణి ఒక్కతే కాబట్టి, కామరాజు గారు ఫోనులోనే ఉత్తర్వు ఇచ్చారు: తదుపరి ఏర్పాటు జరుగు వరకు సదరు దోషియే శిబిర నిర్వహణకు పూర్తి అదనపు బాధ్యతలు వహించవలెను.

నిబంధన ప్రకారం ప్రతి పిల్లాడికీ రోజుకి మూడు వందల పదాలు చూపించి, చదవకుండా ఉండటం సాధన చేయించాలి. అన్నేసి పదాలు ఎక్కడి నుంచి తేవాలి? అన్ని బళ్ళలోనూ లైబ్రరీ పుస్తకాలున్నాయి. చిరిగితే సంజాయిషీ ఇవ్వాలన్న భయంతో, వచ్చిన రోజునే బీరువాలో పెట్టి తాళం వేసేసినవి. పిల్లలు చదవడానికైతే ఏ హెడ్‌మాస్టరూ తాళం తీసేవాడు కాదు. చదవకపోవడానికి అనేసరికి అందరూ ధైర్యంగా తీశారు. రెండు ఆటోల నిండా వచ్చాయి. కొన్ని పుస్తకాల పేజీలు ఇంకా ఒకదానికొకటి అతుక్కునే ఉన్నాయి.

"ఇదిగో పిల్లలూ, ఇవి మనం చదవకూడదు. జాగ్రత్తగా, ఒక్కొక్కటీ, చివరిదాకా చదవకుండా ఉండాలి" అంది సత్యవేణి, గుమ్మం వైపు ఓ కన్నేసి.

పిల్లలకి విషయం అర్థం కావడానికి అర నిమిషం పట్టింది. తర్వాత నలభై రోజులు ఆ భవనంలో పేజీలు తిప్పిన చప్పుడే. నవ్వొచ్చిన చోట నవ్వారు. ఒక కుక్కపిల్ల తప్పిపోయిన కథ దగ్గర ముగ్గురు ఏడ్చారు. సత్యవేణికి ఇంత మంచి తరగతి సర్వీసు మొత్తం మీద దొరకలేదు, ఇక దొరకదని కూడా తెలుసు. అందుకే రోజులు దగ్గరపడే కొద్దీ ఆవిడ క్యాలెండరు వైపు చూడటం మానేసింది. నలభయ్యో రోజున పరీక్ష. చదవడం వచ్చని తేలినవాళ్ళకి బడి రిజిస్టరులో పేరు కొట్టేసి, మరో నలభై రోజులు వేస్తారు. ఆ తర్వాత మరో నలభై. కెజియా చేత మళ్ళీ చదవకపోవడం సాధన చేయించింది. ఆగు, బాధపడు, ముఖం ముడుచుకో.

నలభయ్యో రోజు వచ్చింది. విశ్రుత్ గారూ కామరాజు గారూ బల్ల దగ్గర కూర్చున్నారు. పరీక్ష కాగితం మాత్రం రాలేదు. ఏజెన్సీ నుంచి డిక్లరేషన్ ఫారం ఒక్కటే వచ్చింది. పిల్లలు సంతకాలు పెట్టలేరు కాబట్టి, ఎవరి డిక్లరేషన్ వాళ్ళే బిగ్గరగా చదవాలి. వాళ్ళ బదులు వేరెవరూ చదివి వినిపించకూడదని కింద గట్టిగా రాసి ఉంది.

మొదట పిలిచినవాడు చెప్పింది చెప్పినట్టు చేసే బుద్ధిమంతుడు. వేలు పెట్టాడు. ఆగాడు. బాధపడ్డాడు. "తెలీదండీ" అన్నాడు.

"డిక్లరేషనే చదవలేకపోతే చదవడం రాదని సర్టిఫికెట్ ఎలా ఇస్తారయ్యా? మరో నలభై రోజులు" అని కామరాజు గారు ఎర్రగుర్తు పెట్టారు. విశ్రుత్ గారు గంభీరంగా తలూపారు.

రెండో పేరు కెజియాది. అప్పుడే ముఖం ముడుచుకుని, వేలు సిద్ధం చేసుకుని వచ్చింది పాపం. సత్యవేణి గబగబా అడ్డం వెళ్ళి వంగి, ఆ ముడుచుకున్న నుదురు బొటనవేలితో సరిచేసింది. "నీ ఇష్టం వచ్చినట్టు చదివెయ్యమ్మా" అంది.

కెజియా కాగితం అందుకుంది. "'గెడ్డం కెజియా అను నాకు ఏ విధమైన పదములనూ, వాక్యములనూ, పేరాలనూ చదువుట రాదనియు, ఈ డిక్లరేషన్‌లోని అంశములన్నియు నేను స్వయముగా చదివి, అర్థము చేసుకొని, ఎవరి ఒత్తిడియు లేకుండా ప్రకటించుచున్నాననియు ఇందుమూలముగా తెలియజేయుచున్నాను'" అని ఒక్క గుక్కలో చదివి, "అయిపోయిందండీ" అంది.

"స్పష్టముగా ఉన్నది" అన్నారు కామరాజు గారు. ముద్ర వేశారు.

మిగిలిన నలభై ఒక్కరూ వరసగా, పోటీలు పడి చదివారు. బుద్ధిమంతుడికి కూడా కామరాజు గారిని బతిమాలి రెండో అవకాశం ఇప్పించింది సత్యవేణి. చివరికి తనదీ చదివి, తనకి చదవడం రాదన్న సర్టిఫికెట్ పుచ్చుకుంది. సర్వీసు రిజిస్టరులో అంటించాలట.

బయట ఎండలో ఎస్తేరమ్మ నిలబడి ఉంది. పొద్దున్నుంచీ పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. మనవరాలి చేతిలో ముద్ర వేసిన కాగితం చూడగానే ఆవిడ ప్రాణం ఉసూరుమంది.

"తీసేశారేటే సదువు? ఏటి రాసిచ్చారే అందులో?"

కెజియా కాగితం విప్పి మామ్మ కళ్ళ ముందు పట్టుకుంది. "'కుమారి గెడ్డం కెజియా, ఒకటవ తరగతి, కొత్తరేవులంక. ఈమెకు చదువుట రాదని క్షుణ్ణముగా పరీక్షించి ధ్రువీకరించడమైనది.'"

ఎస్తేరమ్మ చేతులు రెండూ పైకెత్తేసింది. "స్తోత్రం తండ్రీ! ఒక్కసోట కూడా తడుంకోలేదు!"